సినిమాలో లేని అలక

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు మా వీధిలో కరెంటు పోయింది. టీవీలో పాత సినిమా ఒకటి వస్తోంది. అందులో ఒకాయన, కాఫీ చల్లారిపోయిందని భార్యతో చెప్పాలా వద్దా అని గ్లాసు పట్టుకొని ఆలోచిస్తున్నాడు. ఆయన ఏదో ఒకటి తేల్చుకునేలోపు తెర నల్లబడింది. నేను నవ్వుతూ పక్క కుర్చీ వైపు తిరిగాను. ఆ కుర్చీలో కూర్చునే మనిషి పోయి ఏడాది కావస్తోంది. తిరగడం మాత్రం ఇంకా మానలేదు.

ఫ్యాను ఆగిపోయాక గోడ గడియారం చప్పుడు వినిపించింది. రెండున్నర అంటే నా చిన్నప్పుడు బళ్లారిలో మ్యాట్నీ మొదలయ్యే వేళ. శుక్రవారం అంటే మా అవ్వ సినిమాకు పోయే రోజు. కరెంటు వచ్చేదాకా చేసే పని ఏమీ లేదు కనుక ఆ రోజుల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

బ్రూస్‌పేటలో మా తాతకు తాళ్ల అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు. పలుపులు, పగ్గాలు, చేదతాళ్లు, ఎద్దుల మెడకు కట్టే పట్టెడలు అమ్మేవాడు. గోగును మేం పుండి అనేవాళ్లం. పుండి నార, కిత్తనార, కొబ్బరి పీచు, ఈ మూడింటి వాసన మా బట్టలకు, నా బడి పుస్తకాలకు, వానాకాలంలో అన్నానికి కూడా పట్టేది. చుట్టలు చుట్టలుగా పేర్చిన మోకుల మధ్య గుంటలో నేను దాక్కుంటే ఎవరికీ కనిపించేదాన్ని కాను. అక్కడ కూర్చుని పెద్దవాళ్ల మాటలు వినేదాన్ని. నార పోగులు పేని తోక చేసి, బేరంలో మునిగిన రైతుల పంచెలకు వెనక నుంచి తగిలించేదాన్ని. దేశనూరు నుంచి వచ్చిన ఒకాయన అలా తోకతోనే బజారంతా తిరిగి, బండి కట్టుకొని పోయాడు.

కాలువ నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వచ్చి వరి పెట్టినవాళ్లు కూడా మా అంగడికి వచ్చేవాళ్లు. వాళ్లు ‘ఏమండీ’ అంటే తాత వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవరినో పిలుస్తున్నారనుకొని.

తాతవి కొన్ని అలవాట్లు ఉండేవి. అంగడి మూసి బీగం వేశాక దాన్ని మూడుసార్లు లాగేవాడు. నాలుగడుగులు వేసి, నిలబడి, వెనక్కి వచ్చి మళ్లీ లాగేవాడు. ఇల్లు అంగడి వెనకే కదా, దొంగ వస్తే మనకే వినపడుతుంది కదా అని నాయన చెప్పి చూశాడు. తాత విని, తల ఊపి, ఇంకోసారి లాగి వచ్చాడు. రెండో అలవాటు అన్నం దగ్గర. మొదటిసారి పిలిస్తే ఎప్పుడూ ‘నాకొద్దు’ అనేవాడు. ఆకలిగా ఉన్నా అంతే, ఇష్టమైన పుండికూర పప్పు చేసినా అంతే. పగలు ఎవరో ఏదో అన్నారని మనసులో ఉండేది. ఎవరన్నారో, ఏమన్నారో మాకు తెలిసేది కాదు, చాలాసార్లు ఆయనకూ గుర్తుండేది కాదు. గోడ వైపు తిరిగి చాప మీద కూర్చునేవాడు. రెండోసారి పిలవాలి. అప్పుడు కూడా లేచి వచ్చేవాడు కాదు, కూర్చున్నచోటు నుంచే కొంచెం కొంచెం జరుగుతూ పళ్లెం దగ్గరికి చేరేవాడు.

ఆ రెండో పిలుపు అవ్వది. ఆమె ‘రా’ అని పిలిచేది కాదు. పళ్లెం దగ్గర కూర్చుని, వంటింట్లో ఉన్న మా అమ్మకు చెబుతున్నట్టు సినిమా కథ మొదలుపెట్టేది. ఆ కథ వినడం కోసం తాత జరిగేవాడు.

తాత వయసులో ఉండగా ఒకే ఒక సినిమాకు పోయాడట. అందులో ఇంటర్వెల్ లోపలే ముగ్గురు చచ్చిపోయారట. బయటికి వచ్చి సోడా తాగి ఇంటికి వచ్చేశాడు. ఇంక పోలేదు. చీకట్లో తలనొప్పి వస్తుందని చెప్పేవాడు. ‘మీ అవ్వ చూస్తే నేను చూసినట్లే’ అనేవాడు. అందువల్ల ఆయన ఎన్నో సినిమాల కథలు తెలిసిన మనిషే అయినా ఒక్క సినిమా కూడా పూర్తిగా చూసిన మనిషి కాదు.

శుక్రవారం అవ్వ పొద్దున్నే పనులన్నీ ముగించేది. మధ్యాహ్నం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఉడకబెట్టిన చెనిక్కాయలు తడి గుడ్డలో మూటగట్టి కొంగులో పెట్టుకునేది. మధ్యాహ్నం బడి ఎగ్గొట్టించి నన్నూ, ఎదురింటి కన్నడామెనూ తోడు తీసుకునేది. ఆ ఎదురింటామె మా అమ్మ ఈడుది, అవ్వను అత్తా అని పిలిచేది. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, కోపం వస్తే రెండూ.

థియేటర్‌లో ఆడవాళ్లకు వేరే తలుపు ఉండేది. మా బెంచీలకూ మగవాళ్ల బెంచీలకూ మధ్య నడుమెత్తు గోడ. రేకుల కప్పు వేడికి మల్లెపూలు, బీడీ పొగ, చెనిక్కాయల తడి పొట్టు, అన్ని వాసనలూ కలిసిపోయేవి. ఎవరైనా తలుపు తీస్తే ఎండ తెర మీద పడి హీరో మాయమయ్యేవాడు. నేను చెనిక్కాయ పొట్టు గోడ మీదుగా అవతలికి విసిరేదాన్ని. అటువైపు బట్టతలలు చాలా ఉండేవి.

అవ్వకు యుద్ధాలు, ఏడుపులు నచ్చేవి కావు. అవి రాగానే నా భుజానికి తల ఆనించి నిద్రపోయేది. ‘లేపాల్సినచోట లేపు మే’ అని ముందే చెప్పేది. లేపాల్సిన చోటు ఏదో నాకు మొదట్లో తెలిసేది కాదు. హీరో గుర్రమెక్కినప్పుడు లేపితే విసుక్కునేది. ఒకసారి ఊరికే, ఒక వంటమనిషి ఉప్పు వేశానా లేదా అని గరిటెతో చేతిలో వేసుకొని నాకి చూసి, మళ్లీ మర్చిపోయి మళ్లీ నాకుతుంటే లేపాను. ఆ రోజు నా తల నిమిరింది. అప్పటినుంచి తెలిసింది. మనుషులు తమ పని తాము చేసుకుంటూ తమలాగే ఉన్నప్పుడు లేపాలి.

ఎదురింటామె ఒకసారి, ఈ సినిమాలో కథేమీ లేదే అంది. అవ్వ చెప్పిన జవాబు నాకు గుర్తుంది.

“కథ యాడైనా ఒగటే గదమ్మా. పెండ్లో, చావో. మనిషి యాట్లుండాడో అది చూడల్ల. వాడు చెప్పు యాడ ఇడిసినాడు, కోపమొస్తే యా పక్క తిరిగినాడు, అది చూస్తే వాడు మనోడైపోతాడు.”

నేను ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. వాటిలో నవ్వు గురించి రాసినవి కూడా ఉన్నాయి. ఈ మాట కంటే ఎక్కువ ఏమీ దొరకలేదు.

ఇంక ఆ సినిమా సంగతి. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు ఎవరికీ తెలియదు. అల్లుడు రెండు రోజులుండి పోదామని అత్తగారింటికి వస్తాడు. ఏదో ఒక కారణంతో ప్రయాణం ఆగిపోతూ ఉంటుంది. మామగారికి తనకంటే ముందు ఎవరైనా పేపరు విప్పితే ఒళ్లు మండుతుంది. అల్లుడికి పేపరు విప్పనిదే తెల్లవారదు. ఇంతే. సినిమాలో చెడ్డవాడు లేడు, కొట్లాట లేదు, ఎవరూ చావరు. చివరికి అల్లుడు నిజంగానే బయలుదేరితే, మామగారు పేపరు తెచ్చి బండిలో అతని ఒళ్లో పెడతాడు. అవ్వ ఆ సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా నిద్రపోలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర తాత ‘నాకొద్దు’ అని గోడకు తిరిగాడు. అవ్వ పళ్లెం దగ్గర కూర్చుంది. అల్లుడు రావడం, పేపరు తగాదా అన్నీ చెప్పింది. పేపరు చినిగిపోయాక మామగారికి కోపం వచ్చి గొడుగు చంకన పెట్టుకొని అరుగు మీదికి పోయి కూర్చోవడం దాకా వచ్చింది. అక్కడి నుంచి ఆమె చెప్పింది నాకు మాట మాటగా గుర్తుంది, పళ్లేన్ని ఆమె తట్ట అనేది.

“ఆ మామ గోడ పక్కకు తిరిగి కూకున్న్యాడు. అన్నానికి రాండి అనె కూతురు. నాకొద్దు అనె. ఆ పాప లోపలికి పోయె. ఇంగ చూడు. మొగం గోడ పక్క ఉండాది, చెవి మాత్రం వంటింటి పక్క. రొట్టె తట్టే సద్దు ఇంటాండాడు. ఊరుబిండి వాసనొచ్చె. ఊహూఁ, తిరగల్యా. చెయ్యి ఒగటి మెల్లగా ఎనక్కొచ్చె. ఆ చెయ్యి తట్ట కోసరం తడుముకుంటాండాది, గుడ్డోని మాదిరి. తట్ట దొరికె. రొట్టె తుంచె. మొగం మాత్రం ఇంగా గోడకే.”

తాత నోట్లో ముద్దతో నవ్వి పొలమారాడు. కళ్లు తుడుచుకొని, “ఏం మనిషప్పా వాడు. అలిగేవాడు తినకూడదు, తినేవాడు అలగకూడదు” అన్నాడు. అప్పటికి ఆయన మొహం సగం గోడవైపే ఉంది. కుడిచెయ్యి వెనకనున్న పళ్లెంలో ఉంది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది. నాయన తల వంచుకొని మజ్జిగ కలుపుకుంటూనే ఉన్నాడు.

నాకు మాత్రం అనుమానం వచ్చింది. సినిమాలో మామగారు గొడుగుతో అరుగు మీద కూర్చోగానే తెల్లవారిపోతుంది. రొట్టె లేదు, చెయ్యి లేదు. మరునాడు బావి దగ్గర అవ్వను అడిగాను. ఆమె చేద లాగుతూనే చెప్పింది. సినిమావాళ్లు అది పెట్టడం మర్చిపోయారట. పాపం మామ ఆ రాత్రంతా పస్తుండాలా, అందుకని తాను పెట్టిందట. తర్వాత చేద దించి నా వైపు చూసి, “మీ తాతకు చెప్పాకు” అంది.

ఆ కథ తాత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. అంగడికి వచ్చిన రైతులకు తానే చెప్పేవాడు. హగరి స్టేషన్‌లో పనిచేసే చుట్టమొకాయన ఇంటికి వస్తే, వినే దాకా పోనివ్వలేదు. ఆ చుట్టం విని, తాతను చూసి, అవ్వను చూసి, కాఫీ తాగి పోయాడు.

మరుసటి చలికాలం అవ్వకు జ్వరం వచ్చింది. వారం తిరగకముందే పోయింది.

కర్మలన్నీ అయ్యాయి. చుట్టాలు పోయారు. తాత అంగడిలో కూర్చునేవాడు గానీ బేరం చేసేవాడు కాదు. తాడు గుంజి చూపించేవాడు కాదు. అడిగిన ధరకే ఇచ్చేస్తుంటే నాయన బడి వదలగానే వచ్చి ఆ పని తాను చూసుకోవడం మొదలుపెట్టాడు, ఆయన బడిపంతులు. సాయంత్రం అన్నానికి అమ్మ పిలిచేది. తాత ‘నాకొద్దు’ అనేవాడు. రెండోసారి పిలిచినా లేవడు, నాలుగోసారి పిలిచినా లేవడు. తీపి ఓళిగలు చేసింది, జొన్నరొట్టెలో వెన్న పెట్టింది. పొద్దున రెండు ముద్దలు, ఇంక రోజంతా మంచినీళ్లు. డాక్టరు చూసి, ఒంట్లో జబ్బేమీ లేదన్నాడు. ఇలాగే తినకుండా ఉంటే మాత్రం ఎండలదాకా నిలవడని నాయనను పక్కకు పిలిచి చెప్పాడు. మోకుల మధ్య కూర్చున్న నాకు అది వినపడింది.

అవ్వ పని నేను చేద్దామనుకున్నాను. ఎదురింటామెతో సినిమాకు పోయి వచ్చి, పళ్లెం దగ్గర కూర్చుని కథ చెప్పాను. హీరో పట్నం పోయాడు, ఉద్యోగం దొరికింది, పెళ్లయింది. తాత ఊఁ కొట్టాడు. ఒకసారి మాత్రం, ఆ ఇంటి ముసలాయన ఏం చేశాడని అడిగాడు. ముసలాయన ఏమీ చేయలేదన్నాను. ఆయన మళ్లీ గోడకు తిరిగాడు. ఆ రోజు కూడా పళ్లెం అలాగే ఎత్తి పెట్టారు.

శివరాత్రి పోయి ఎండలు మొదలవుతున్నప్పుడు సినిమా బండి వచ్చింది. బండికి రెండువైపులా రంగు బొమ్మలు తడికెలకు కట్టి, ముందు తమటె డప్పు కొడుతూ ఊరంతా తిప్పేవాళ్లు. రంగు కాగితాలు పంచేవాళ్లు. ఆ కాగితాల కోసం బండి వెనక పరిగెత్తాను. తెచ్చి చూస్తే ఆ మామా అల్లుళ్ల సినిమానే, మళ్లీ వేస్తున్నారు. నేను దాన్ని మడిచి జాకెట్లో దాచాలనుకున్నాను. తాత అప్పటికే లేచి నిలబడి బండిమీది బొమ్మ చూస్తున్నాడు. బొమ్మలో మామగారు గొడుగు పట్టుకొని ఉన్నాడు.

“ఆయప్పేనా?” అన్నాడు.

అవునన్నాను.

“ఆ రొట్టె తుంచేది నా కండ్లారా చూడల్ల” అన్నాడు తాత. చాలా రోజుల తర్వాత ఆయన నోట కావాలి అనే మాట అదే మొదటిసారి విన్నాం.

అమ్మ సంతోషం చెప్పలేను. నాయన శుక్రవారం బడి మానేసి అంగడి చూసుకుంటానన్నాడు. నేను మాత్రం సంతోషపడలేకపోయాను. ఆ సీను లేదని ఇంట్లో అందరికీ తెలుసు, వాళ్లకు ఆ తొందరలో తోచలేదు. రాత్రి అమ్మకు గుర్తు చేశాను. అమ్మ పిండి పిసుకుతున్న చెయ్యి ఆపింది. తర్వాత, పోనీ, బయటికి కదిలాడు కదా, అదే చాలంది. కానీ ఆమె మొహం చూస్తే అది చాలదని తెలుస్తూనే ఉంది. అవ్వ తనను ఆడించిందని, ఇల్లంతా తనను చూసి నవ్విందని ఆయనకు తెలిస్తే ఏమవుతుంది? ఉన్న ఆ రెండు ముద్దలు కూడా మానేస్తే?

శుక్రవారం తాత తెల్ల పంచె కట్టుకున్నాడు. నాయన అంగడిలోనే, అమ్మ ఇంట్లోనే ఉన్నా, అలవాటు కొద్దీ ఇంటి తలుపు గొళ్లెం మూడుసార్లు లాగి, నాలుగడుగులు వేసి, తిరిగి వచ్చి మళ్లీ లాగాడు. నేను ఆయనతోపాటు మగవాళ్ల వైపు కూర్చున్నాను. ఎదురింటామె గోడ అవతల కూర్చుంది. ఆమె తెచ్చిన చెనిక్కాయలు గోడ మీదుగా నాకు అందించింది. తాత వాటిని చేతిలో పట్టుకున్నాడు గానీ తినలేదు.

సినిమా మొదలైంది. ఆయనకు అన్నీ తెలుసు. అల్లుడు దిగగానే, వచ్చినాడు చూడు అన్నాడు. పేపరు తగాదా రాగానే వెనకవాళ్లకు కూడా వినపడేట్టు నవ్వాడు. మామగారు గొడుగు చంకన పెట్టుకొని అరుగు మీదికి నడిచాడు. తాత ముందుకు వంగి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంగ చూడు, ఇప్పుడొస్తాది అన్నాడు.

తెర మీద కోడి కూసింది. తెల్లవారింది. మామగారు పళ్లు తోముకుంటున్నాడు.

తాత లేచి నిలబడ్డాడు. “యాడపాయె? యాడ కోసినారు?” అన్నాడు. వెనక నుంచి ఎవరో ‘బైఠో బాబా’ అని కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు, నేను పంచె పట్టి లాగితే కూర్చున్నాడు. ఆ రోజుల్లో పాత రీళ్లు తెగిపోతే ముక్కలు కోసి అతికించేవాళ్లు. పాట సగంలో ఎగిరిపోవడం, కొట్టబోయిన చెయ్యి కొట్టకముందే మాయం కావడం అందరికీ అలవాటే. కాబట్టి తాత అనుమానంలో తప్పేమీ లేదు. మిగతా సినిమా ఆయన చూడలేదు. కోపంతో తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.

అయిపోగానే నేరుగా మేనేజరు గదికి పోయాడు. నేను వెనకాల. మేనేజరు కోస్తా మనిషి, కాలువ పొలాలకు వచ్చిన బంధువులతో పాటు ఈ పక్కకు వచ్చినవాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. తాతను కూర్చోమన్నాడు. తాత కూర్చోలేదు. మామ రొట్టె తుంచే సీను ఎందుకు కోశారని అడిగాడు.

“కొయ్యలేదండీ. రీళ్లన్నీ నేనే దగ్గరుండి చూశాను. అలాంటి సీను ఇందులో లేదండీ.”

“లేకపోతే నేను యాట్ల చెప్తాండా?” అన్నాడు తాత. తాను చూడలేదని ఆయనకు ఆ క్షణాన గుర్తు లేదు. “చూడప్పా, ఇట్ల కూకున్న్యాడు.”

కుర్చీని గోడకు తిప్పి కూర్చున్నాడు. కూతురు పిలిచిందని చెప్పి, ‘నాకొద్దు’ అన్నాడు. ఆ మాట సరిగ్గా మా ఇంట్లో వినపడేట్టే వినపడింది. చెవి గది తలుపు వైపు పెట్టాడు. రొట్టెలు తట్టే సద్దు వింటున్నట్టు ఆగాడు. ముక్కు కొంచెం ఎగబీల్చాడు. కుడిచెయ్యి మెల్లగా వెనక్కి వచ్చి, మేనేజరు బల్ల మీద తడుముకుంది. సిరాబుడ్డి తగిలితే వదిలేసింది. తాంబూలం తట్ట దొరికింది. అందులోంచి ఒక ఆకు తుంచింది. మొహం గోడవైపే.

అప్పటికి ఆడవాళ్ల తలుపు నుంచి బయటికి వచ్చినవాళ్లు గది ముందు గుంపుగా నిలబడ్డారు. మొదట ఎవరో ముసిముసిగా నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. గేటు దగ్గరి మనిషి బీడీ తీసేసి నవ్వాడు. మేనేజరు నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇంత బాగున్నదాన్ని ఎవరైనా కోస్తారటండీ? ఉంటే రోజుకి రెండుసార్లు అదొక్కటే వేసేవాళ్లం.”

తాత కుర్చీ తిప్పుకొని అందరినీ చూశాడు. ఆయన చేతిలో ఆకు ముక్క ఉంది. ఆ నవ్వులో ఎగతాళి లేదని ఆయనకు అర్థమైనట్టు ఉంది. అయినా ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. గుంపులోంచి ఎదురింటామె ముందుకు వచ్చింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

“సుమ్నె, ఊరికే రాండి మామా, పోదాము. ఆ సీను సినిమాలో లేదు. అత్త పెట్టింది. అది మీరే.”

తాత ఆకు ముక్కను తట్టలో పెట్టేశాడు. మేనేజరుకు దండం పెట్టి బయటికి వచ్చాడు. ఎండ తగ్గింది గానీ కోట కొండ రాళ్ల వేడి ఇంకా వీధుల్లోకి వస్తోంది. ముగ్గురం నడిచాం. ఎదురింటామె ఏమన్నా తప్పు చేశానా అన్నట్టు నా వైపు చూస్తూ ఉంది. ఆమె తన ఇంట్లోకి పోయాక, అంగడి ముందు తాత ఆగాడు.

“నీకు తెల్సునా?” అన్నాడు.

“తెల్సు తాతా.”

“మీ అమ్మకు? నాయనకు?”

“అందరికీ తెల్సు.”

నాయన అప్పటికే అంగడి మూసేశాడు. తాత ఆ తలుపు బీగం పట్టుకొని నిలబడ్డాడు. లాగలేదు. కొంచెం సేపటికి, బీగం లాగి లాగి చివరికి గొళ్లెం ఊడబెరికిన షావుకారు ఉన్న సినిమా ఒకటి మీ అవ్వ చెప్పింది కదా, అన్నాడు. నేను నేల చూశాను.

“అదీ నువ్వే తాతా.”

“కోస్తావోల్లు పిలిస్తే ఎనక్కి తిరిగి చూసే ఆయప్ప?”

“నువ్వే.”

తాత ఇంక అడగలేదు. అరుగు మీద కూర్చున్నాడు. పొద్దు గూకేదాకా అక్కడే ఉన్నాడు. అప్పటిదాకా ఆమె చెప్పిన సినిమాలన్నీ వరసగా గుర్తు చేసుకుంటున్నాడని ఇప్పుడు అనుకుంటాను. ఆమె ప్రతి శుక్రవారం మూడు గంటలు చీకట్లో కూర్చుని వేరేవాళ్లను చూసి, ఇంటికి వచ్చి ఆయన కథే ఆయనకు చెప్పేది. అంత దగ్గరగా తనను ఇంకెవరూ చూడలేదని ఆయనకు ఆ అరుగు మీద తెలిసి ఉండాలి. అప్పుడు నాకు ఇదంతా తెలియదు. తాత ఈ రోజు కూడా తినడని మాత్రమే భయం.

లోపల దీపం పెట్టారు. తాత వచ్చి చాప మీద కూర్చున్నాడు, గోడ వైపు తిరిగి. అమ్మ జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి పళ్లెంలో పెట్టి, “మామా, అన్నానికి రాండి” అంది.

“నాకొద్దు” అన్నాడు తాత.

అన్నాక ఆ మాట తనకే వినపడింది. ఆయన వీపు కదలడం చూశాం. భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఏడుస్తున్నాడనుకొని అమ్మ చేతిలో గరిటె కింద పెట్టేసింది. నాయన లేవబోయాడు. నేను పళ్లెం దగ్గర, అవ్వ కూర్చునేచోట కూర్చున్నాను. ఎందుకలా చేశానో తెలియదు, వంటింటి వైపు తిరిగి అమ్మకు చెబుతున్నట్టు మొదలుపెట్టాను.

“సినిమాలో ఒగ తాత ఉండాడు. తట్టలో రొట్టె పెట్టుకొని గోడ పక్కకు తిరిగి కూకున్న్యాడు. నాకొద్దు అనె.”

భుజాలు ఆగాయి. కాసేపటికి కుడిచెయ్యి వెనక్కి వచ్చింది. చాప అంచు తడిమింది, నా మోకాలు తడిమింది. నేను పళ్లెం జరపలేదు, అవ్వ ఎప్పుడూ జరిపేది కాదు. చెయ్యి తానే వెతుక్కొని పళ్లెం అందుకుంది. రొట్టె తుంచింది.

అప్పుడు ఆయన మొహం కూడా తిప్పాడు. కళ్లలో నీళ్లున్నాయి, నవ్వుతున్నాడు. ఊరుబిండిలో ఉప్పు తక్కువైందన్నాడు. అమ్మ ఉప్పు తేవడానికని వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

ఆ ఎండాకాలం ఆయన నిలిచాడు. ఆ తర్వాత ఎన్నో ఎండాకాలాలు నిలిచాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అంగడి అమ్మకు అప్పజెప్పి, బీగం ఉన్నా లేకున్నా తలుపు లాగి చూసి, నన్ను తీసుకొని మ్యాట్నీకి పోయేవాడు. ఏడుపుల సినిమా అయితే ఇంటర్వెల్‌లో సోడా తాగి వచ్చేసేవాళ్లం. నవ్వే సినిమా అయితే చివరిదాకా ఉండేవాళ్లం. రాత్రి అన్నాల దగ్గర కథ చెప్పే పని కూడా ఆయనే తీసుకున్నాడు.

మొదటిసారి ఆయన చెప్పిన కథ విని నేను అమ్మవైపు చూశాను. ఆయన చెప్పిన సినిమాలో ఒక ఆడమనిషి ఉంది. తడి గుడ్డలో చెనిక్కాయలు కట్టుకొని వస్తుంది. ఒలిచినవన్నీ పక్కవాళ్ల చేతుల్లో పెట్టి, పుచ్చువి తాను నోట్లో వేసుకుంటుంది. పక్కన కొంపలు కూలుతున్నా తల వాల్చి నిద్రపోతుంది, లేపాల్సినచోట లేపమని ముందే చెబుతుంది. ఆ సినిమా ఆయన పక్కనే కూర్చుని నేనూ చూశాను. అందులో అలాంటి మనిషి లేదు. తర్వాతి శుక్రవారం సినిమాలోనూ ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ ఉంది. మేమెవరం ఆ మాట ఎత్తలేదు.

తాత పోయాడు. అంగడి పోయింది, నార తాళ్ల బదులు ప్లాస్టిక్ తాళ్లు వచ్చాయి. ఆ థియేటర్ ఉన్నచోట ఇప్పుడేముందో నేను చూడలేదు.

కరెంటు వచ్చేసరికి సినిమా చాలా ముందుకు జరిగిపోయింది. కాఫీ గ్లాసు ఆయన ఏదో పెళ్లి పనుల్లో తిరుగుతున్నాడు. భార్యతో చెప్పాడో లేదో తెలియలేదు. మా ఆయన అయితే చెప్పేవాడు కాదు. చల్లటి కాఫీ మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకొని, అప్పుడు చెప్పేవాడు. సినిమాలో ఆయన కూడా అదే చేశాడని ఒక సీను నేనే పెట్టుకున్నాను. నవ్వు వచ్చింది. లేచి స్టవ్ మీద నా ఒక్కదానికి కాఫీ పెట్టుకొని, చల్లారకముందే తాగాను.

ఇప్పుడు ఇళ్లలో సినిమా చూసి వచ్చినవాళ్లు, చూడనివాళ్లకు అన్నాల దగ్గర కూర్చుని కథ చెప్పడం లేదు.